నాలుగో నడక

మూడో గుడ్డ ఉండ కూడా కూరాక గానీ బూటులో కాలు జారడం మానలేదు. అడుగులక్క లేచి నిలబడి మడమను రెండుసార్లు నేలకు తట్టి చూసింది. కరెంటు స్తంభాలెక్కేవాళ్ళు తొడిగే బూట్లవి. కింద మందపాటి రబ్బరు, పైన చీలమండ దాకా లాగి కట్టే తాళ్ళు. ఆడవాళ్ళ కొలతలో ఎక్కడా లేవని స్టోరు చూసే మనిషి చేతులెత్తేస్తే, "కొలత సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు జత పట్రా," అంది. ఇప్పుడు రెండు బూట్లలోకీ కలిపి ఒక పాత తువ్వాలు సగం పట్టింది.

ఆమె ఉద్యోగం నడవడం. ఆ స్టేషనులో తయారయ్యే రేడియో నాటకాల్లో ఎవరు నడిచినా ఆ అడుగులు ఆమెవే. స్టూడియో మూల ఒక రాతి పలక, ఒక చెక్క బల్ల, ఇసుక తొట్టి, కంకర తొట్టి. గోడవారన పెట్టెలో ఇరవై మూడు జతల చెప్పులు. తండ్రి పాత్రకు తోలు చెప్పులు, డాక్టరుకు కిర్రుమనే బూట్లు, అప్పులు చేసి తిరిగే మేనమామకు మడమ అరిగిన రబ్బరు చెప్పులు. ముసలి పాత్రలకు చెప్పులుండవు. వాళ్ళకోసం ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో నడుస్తుంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పలచటి ఒళ్ళు, పిక్కలు మాత్రం బరువులు మోసేవాళ్ళకున్నట్టు గట్టిగా ఉంటాయి. జుట్టు బిగించి ముడేస్తుంది. కొత్త బట్ట గరగరలాడుతుందని పనికి ఎప్పుడూ ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టలే కట్టుకొస్తుంది. ఒంటి మీద చప్పుడు చేసే వస్తువు ఒక్కటీ ఉండదు. నాటకం చివర పేర్లు చదివేటప్పుడు రికార్డిస్టు పేరు దాకా వచ్చి ఆగిపోతారు. ఆమె పేరు స్టేషనులో సగం మందికి తెలియదు. ముప్పై ఏళ్ళుగా అందరికీ అడుగులక్కే.

నడక నేర్పింది వాళ్ళమ్మ. "ఆడపిల్ల నడిస్తే నేలకు కూడా తెలియకూడదు" అనేది. ఏడేళ్ళ పిల్లను గది ఈ చివర నిలబెట్టి, తను అటు తిరిగి కూర్చుని చేటలో పప్పు ఏరుకునేది. పిల్ల వెనకనుంచి గది దాటాలి. వినబడితే మళ్ళీ మొదటికి. కొన్ని రోజులు ఆ గదిని ముప్పై నలభైసార్లు దాటింది. ఒకనాడు పప్పు మొత్తం ఏరేసి, చేట కింద పెట్టి తిరిగిన తల్లి ఎదురుగా కూతుర్ని చూసి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావే!" అంది. ఆ ఉలికిపాటుకు బహుమానంగా గుప్పెడు పంచదార ఇచ్చింది. మెప్పు అంటే మనిషి ఉన్నట్టు తెలియకపోవడమేనని ఆ పిల్లకు ఆరోజు, పంచదార తీపితో సహా, మనసులో నాటుకుంది.

ఆ విద్యే తర్వాత కూడు పెట్టింది. ఇరవయ్యో ఏట టీలు అందించే పనిలో స్టేషనులో చేరితే, రికార్డింగు నడుస్తుండగా లోపలికి రానిచ్చింది ఆమెనొక్కదాన్నే. ఎర్రదీపం వెలుగుతున్నా సరే, మైకుల మధ్యగా వచ్చి, గ్లాసు పెట్టి, గాలిలా పోయేది. అలా ఏడెనిమిదేళ్ళు గడిచాక, అడుగుల పని చేసే పెద్దాయన మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కథానాయిక నడవక తప్పదు. "ఆ టీ అమ్మాయిని నిలబెట్టండి" అన్నారెవరో. నిలబడింది. ఆ పెద్దాయన మళ్ళీ రాలేదు.

మధ్యలో పెళ్ళయింది. ఆరేళ్ళ కాపురం. "దయ్యంలా వెనకొచ్చి నిలబడతావేమే, ఎప్పుడో గుండె ఆగి చస్తాను" అనేవాడు భర్త. గుండె ఆగే పోయాడు గానీ, అది వాళ్ళ ఆఫీసులో, పట్టపగలు. ఆ వేళకు ఆమె ఊరి ఇంకో కొసన ఎవరో రాణిగారి మెట్లు దిగుతోంది.

రాణిగారైనా, దాసీ అయినా దిగే తీరు ఒకటే. అది ఆమె పనిలో చేరిన కొత్తలోనే కనిపెట్టింది. మగ పాత్రలకు లెక్కలేనన్ని నడకలు రాసేవాళ్ళు. తాగి నడిచేవి, కోపంగా నడిచేవి, ఆలోచిస్తూ పచార్లు చేసేవి. ఆడపిల్లలకు మూడే. ఒకటి, టీ నడక. రెండు, గదిలోకి ఏడుపు పరుగు. మూడు, ఎవరో చెయ్యెత్తితే వేసే వెనకడుగు. ఆ పేర్లు ఆమె పెట్టుకున్నవే. ఏ నాటకమైనా కాగితం చూడగానే అంచున ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకునేది. ముప్పై ఏళ్ళలో నాలుగో అంకె అవసరం రాలేదు.

ఇప్పుడొచ్చింది.

ఆడపిల్లల్ని చదువుకు, పనికి పంపేలా ఇళ్ళవాళ్ళ మనసు మళ్ళించాలని ఒక సంస్థ ఈ సీరియల్ పెట్టించింది. ఉపన్యాసాలు వద్దు, కథ కావాలన్నారు. కథలో అమ్మాయి కరెంటు స్తంభాలెక్కే పని నేర్చుకుంటుంది. పేరు ఏదో ఉంది గానీ వినేవాళ్ళు దాన్ని ఎప్పుడో మరిచి, ఉత్తరాల్లో 'మన కరెంటుపిల్ల' అనే రాస్తున్నారు. ముప్పై నాలుగు వారాలుగా కరెంటుపిల్ల పెరటి తలుపులోంచి శిక్షణకు పోయి, పెరటి తలుపులోంచే వస్తోంది. ఆ అడుగులకు టీ నడకే సరిపోయింది. ఈ రోజు భాగంలో ఉద్యోగంలో మొదటిరోజు. ముందుగదిలో తండ్రి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ముందు తలుపులోంచి పోవాలి.

ఆ చోట మూడు పేజీల సంభాషణ ఉండేది. నిన్న సాయంత్రం సంస్థవాళ్ళ కమిటీ దాన్ని కొట్టేసింది. పోయిన నెల ఆ పిల్ల తండ్రికి ఎదురు చెప్పిన భాగానికి కట్టలు కట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటి సారం ఒకటే: ఆ పూట మా ఇంట్లో రేడియో కట్టేశాం. ప్రసారం ఈ సాయంత్రం ఏడింటికి. కొత్తగా రాసే టైం లేదు. మూడు పేజీల బదులు మిగిలింది ఒక్క వాక్యం: 'అమ్మాయి పన్నెండు అడుగులు నడిచి ముందు తలుపులోంచి వెళుతుంది. మాటలు లేవు.'

ఆ కాగితానికి డైరెక్టరమ్మ ఒక ఉత్తరం గుచ్చి ఇచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల ఆ డైరెక్టరమ్మ. నిద్రలేక కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇది చదివాక చెయ్యండక్కా," అంది.

నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. పదిహేడేళ్ళుంటాయేమో రాసిన పిల్లకు. 'మా నాన్న కూడా వింటాడు. కరెంటుపిల్ల గొడవపడిన రోజు నాకు తిట్లు. దొంగచాటుగా పోయిన రోజు, చూశావా ఆడపిల్లల బుద్ధులు అని మళ్ళీ నాకే తిట్లు. గొడవ పడకుండా, దొంగతనంగా కాకుండా ఎలా వెళ్ళాలో చూపించండి. నేను కూడా వెళ్ళాల్సి ఉంది.'

అడుగులక్క ఉత్తరాన్ని మడిచి తిరిగి ఇచ్చింది.

"మాటలు తీసేశారు. ఇక మీ కాళ్ళే," అంది డైరెక్టరమ్మ.

ఎర్రదీపం వెలిగింది. రాతి పలక మీద పన్నెండు అడుగులు వేసింది. అద్దం అవతలనుంచి రికార్డిస్టు గొంతు వినిపించింది. ఆమెకంటే అయిదారేళ్ళు చిన్న. ఇరవై ఏళ్ళుగా ఆ అద్దం వెనకే ఉన్నాడు.

"అక్కా, ఇంట్లో గిన్నెలెత్తుకుపోతున్నట్టుంది."

నిజమే. బూట్లు తొడిగినా వేళ్ళే ముందు ఆనుతున్నాయి. రెండోసారి మడమ దించి కొట్టింది.

"ఇప్పుడు మీద పడి కరవడానికి పోతున్నట్టుంది."

"నోరు మూసుకుని తిప్పవయ్యా నీ టేపు చక్రాలు."

"నోరు మూసుకుంటే చెప్పేదెవరక్కా? పని చేస్తున్నవి నా చెవులు, పేరు నీ కాళ్ళది."

"నాకు పేరెక్కడుందిరా, నీ పేరు దగ్గరే ఆపేస్తారుగా!"

ముగ్గురూ నవ్వారు. మూడోసారి, నాలుగోసారి, అయిదోసారి. మెత్తబడితే దొంగ నడక, గట్టిపడితే పోట్లాట. మధ్యలో ఏదో ఉండాలి, అది దొరకడం లేదు. ఏడోసారికి చీలమండ దగ్గర చర్మం ఒరుసుకుపోయింది. ఆమెకు భయం వేసింది. ఈ పనిలో చేరిన రోజు కూడా ఇలా భయం వేయలేదు. ఎవరి కాళ్ళలోనైనా దూరగలనని ఇన్నేళ్ళూ లోలోపల ఒక గర్వం ఉండేది. ఒక ఆడపిల్ల మామూలుగా పనికి పోయే నడక తన ఒంట్లో లేదని, ఎక్కడనుంచి అరువు తేవాలో కూడా తెలియదని ఇప్పుడు తెలుస్తోంది.

"నాకు రావడం లేదమ్మా," అంది డైరెక్టరమ్మతో. ఆ మాట ఆ స్టూడియోలో ఆమె నోట రావడం అదే మొదలు.

రికార్డిస్టు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "పొద్దున నువ్వు కారిడార్లో వస్తావే, ఆ నడక వెయ్యరాదూ?"

"నేను వస్తే వినపడదు. ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ నాకున్న చెవుల్లేవు. తొమ్మిదింటికి మైకులు పరీక్ష చేసుకుంటుంటే రోజూ వింటాను. నీ అడుగు విని గడియారం సరిచేసుకుంటాను. కావాలంటే రా."

పొద్దున పరీక్షకు తిప్పిన టేపు ఇంకా చెరపలేదు. అద్దం అవతల ఆమెను కూర్చోబెట్టి వినిపించాడు. ముందు ఒక దగ్గు, బకెట్టు చప్పుడు, తర్వాత దూరంనుంచి ఎవరో వస్తున్నారు. మడమ ఆనుతోంది, బరువు పాదమంతా పరుచుకుని వేళ్ళమీదుగా దిగుతోంది. ఎడమ అడుగు కుడిదానికంటే వెంట్రుకవాసి ఆలస్యం. తొందర లేదు, జంకు లేదు. ఎక్కడికి పోవాలో తెలిసిన మనిషి.

"ఎవరిది?" అంది.

అతను చెప్పేలోపే ఆమెకు తెలిసిపోయింది. చిన్నప్పుడు గోడ దూకి బెణికిన ఎడమ కాలు అది. వేలమందికి నడకలిచ్చిన మనిషి తన నడక వినడం యాభై ఎనిమిదేళ్ళకు. ఎవరో కొత్త మనిషి పరిచయమైనట్టు, ఆ మనిషి తనకు నచ్చినట్టు, కొంచెం సిగ్గేసింది.

తెలిశాక అది ఇంకా కష్టమైంది. మడమ, పాదం, వేళ్ళు అని తలుచుకుంటూ వేస్తే బొమ్మ నడిచినట్టుంది. అప్పుడు ఆలోచించింది, పొద్దున నడిచేటప్పుడు తన బుర్రలో ఏముంటుందని. నడక ఉండదు. పని ఉంటుంది. కంకర జల్లించాలి, తలుపు బందుకు నూనె చుక్క వేయాలి, డాక్టరు బూటు అడుగు ఊడేలా ఉంది. పలక చివర నిలబడి కళ్ళు మూసుకుని కరెంటుపిల్లకు కూడా ఒక పని జాబితా ఇచ్చింది. తాళ్ళు సరిచూసుకోవాలి, చేతి తొడుగులు అడగాలి, మూడో వీధి స్తంభం వంగి ఉంది. నడిచింది.

ఏడో అడుగు దగ్గర డైరెక్టరమ్మ చెయ్యి ఎత్తబోయి దించేసింది. పన్నెండూ అయ్యాక అడిగింది. "ఏడో అడుగు దగ్గర నాన్న కుర్చీ కదా అక్కా. ఒక్క క్షణం ఆగితే బాగుండదూ?"

"ఆగితే అనుమతి అడిగినట్టుంటుందమ్మా."

డైరెక్టరమ్మ కాగితం మీద టిక్కు పెట్టింది. అడుగులక్క కాగితం అంచున, అలవాటు ప్రకారం, అంకె వేసింది. నాలుగు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ తన అడుగుల్నే వింది. వీధిలో, కూరల బండి పక్కన, మెట్ల మీద అది ఆ టేపులో నడకే. మూడో అంతస్తు కారిడారు మొదట్లో మాయమైంది. ఆమె ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే పాదాలు వేళ్ళమీదికి లేచాయి. ఇన్నేళ్ళూ రోజూ ఇక్కడే, ఈ పగిలిన పలక దగ్గరే, తను తనను వదిలి లోపలికి పోతోందన్నమాట.

ఎనభై నాలుగేళ్ళ తల్లి మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. నాలుగేళ్ళుగా చూపు లేదు. కుడిచెవిలో, జారితే ఈల వేసే, చిక్కుడు గింజంత వినికిడి యంత్రం, ఒళ్ళో రేడియో. కరెంటుపిల్లంటే పడిచచ్చిపోతుంది. కూతురు చేసే పని ఏమిటో మాత్రం ఆమెకు తెలియదు. స్టేషనులో ఉద్యోగం అని చెప్పింది, అంతే. నువ్వు వద్దన్న చప్పుడే అమ్ముకుని బతుకుతున్నాను అని ఏ నోటితో చెప్పేది?

రోజూ ఈ వేళకు వంటగదిలో ఉండేది. ఈ రోజు మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఏడయింది. ఆ అంతస్తులో నాలుగైదు గదుల్లోంచి ఒకే పాట ఒకేసారి మొదలైంది. పక్కగది దర్జీది. పోయిన నెల కరెంటుపిల్ల ఎదురు చెప్పిన రోజు మాట మధ్యలోనే ఆ గది రేడియో నోరు నొక్కేశాడు ఆయన. గోడకు ఇవతలనుంచి ఆమె విన్నది. ఆయనకో కూతురుంది. కంపౌండరు శిక్షణకు పోతానని రెండు నెలలుగా అడుగుతోంది.

గోడ అవతల కుట్టుమిషను టకటకలాడుతోంది. రేడియోలో కుర్చీ కిర్రుమంది. తండ్రి దగ్గాడు. మిషను ఆగింది.

ఇప్పుడు దర్జీ రేడియో కట్టేస్తాడనుకుంది.

అడుగులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. పక్కగదిలోంచి కూడా అవే అడుగులు, గోడలోంచి కాస్త మందంగా. ఆ పైగదిలోంచీ అవే. ఇంటింటా తనే నడుస్తున్నట్టుంది. నాలుగు, అయిదు.

తల్లి మొహం తలుపువైపు తిరిగింది. ముడతలన్నీ విప్పారాయి.

"వచ్చావా?" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా," అంటూ మోకాలిమీద చెయ్యి వేసింది.

"మరి ఆ వచ్చేదెవరే?"

"రేడియోలో అమ్మా. కరెంటుపిల్ల."

"ఊరుకో. కళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదు. ఆ ఎడమకాలు నీది. గోడ దూకొద్దంటే దూకిన కాలు."

పదకొండు, పన్నెండు. తలుపు తెరుచుకుంది, వీధి చప్పుడు లోపలికొచ్చింది. పాట మొదలైంది. ఏ గదిలోనూ రేడియో ఆగలేదు. పాట మీదుగా పక్కగదిలోంచి మాటలు వినిపించాయి.

"ఏం తొడుక్కుందే ఆ పిల్ల, బూట్లా?"

"బూట్లే నాన్నా."

"ఊఁ." కత్తెర బల్లమీద పెట్టిన చప్పుడు. "మంచిదే. చెప్పులైతే జారతాయి." మిషను మళ్ళీ మొదలైంది.

అడుగులక్క అరచేత్తో నోరు మూసుకుంది. అంతకంటే పెద్ద మెప్పు ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఇచ్చినవాడికి ఇచ్చినట్టు తెలియదు.

"నేనేనమ్మా," అంది చివరికి. "ముప్పై ఏళ్ళుగా అదే పని. రేడియోలో నడుస్తాను."

తల్లి తడుముకుని రేడియో గొంతు తగ్గించింది. "మరి ఇంట్లో ఎందుకే దొంగపిల్లిలా తిరుగుతావు?"

"నువ్వేగా నేర్పావు!"

"నేర్పానులే. కళ్ళున్నప్పుడు నేర్పాను. ఇప్పుడు నువ్వెక్కడున్నావో నాకెలా తెలిసేది? ఇంట్లో ఉన్నావో, బజారుకు పోయావో. పిలిచి పిలిచి, ఉలుకూ పలుకూ లేకపోతే లేవనుకుంటాను." చెయ్యి చాపి కూతురి తల తడిమింది. "చెప్పినవన్నీ విన్నదానివేనా? గోడ దూకొద్దంటే దూకావు. ఈ ఒక్కటీ పట్టుకు కూర్చున్నావు."

"నాలుగేళ్ళనుంచి చెప్పొచ్చుగా."

"చెప్పాలని నాకు మాత్రం ఏం తెలుసు? ఇప్పుడు వింటేగా తెలిసింది, నువ్వు నడిస్తే బాగుంటుందని." కూతురి జుట్టు సవరించి, "బాగా నడిచావు," అంది. "వెళ్ళు, కాసిని పాలు వెచ్చబెట్టు. వినపడేలా వెళ్ళు."

ఆమె లేచింది. మంచంనుంచి పొయ్యి దాకా తొమ్మిది అడుగులు. మడమ ఆనించి, బరువు దించి, వేసింది. ఆ గచ్చు మీద ఆ చప్పుడు ఎప్పుడూ లేదు. గిన్నెలు సన్నగా అదిరాయి.

"ఇప్పుడు గడప దాటావు," అంది తల్లి వెనకనుంచి. "ఇప్పుడు పొయ్యి దగ్గరున్నావు."

"అవునమ్మా."

"ఆఁ. తెలుస్తోంది."

పాలు పొంగేముందు దించి, గ్లాసులో పోసి, తిరిగొచ్చింది. గడప దగ్గర కావాలనే అడుగు గట్టిగా వేసి మాట కోసం చూసింది. రాలేదు. తల్లి తల గోడవైపు కొంచెం వాలింది. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. ఒళ్ళో రేడియో రేపటి వాతావరణం చెబుతోంది. గ్లాసు కింద పెట్టి చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది, కానీ ఆ వేళ్ళు తిరిగి పట్టుకోలేదు, ఊపిరి లేదు.

చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత రేడియో కట్టి, తల్లి కళ్ళు మూసి, దుప్పటి నడుందాకా లాగింది. దర్జీని పిలవాలి. లేచి నడిచింది. వేళ్ళు అలవాటు ప్రకారం ముందుకు పోబోతే మడమను ఆనించింది. తలుపు తీసుకుని కారిడార్లో రెండడుగులు వేసేసరికి మిషను ఆగి, తట్టకముందే లోపలినుంచి దర్జీ గొంతు, "ఎవరో వస్తున్నారు, చూడవే," అంది.

గదిలో, చెవిలోంచి దుప్పటి మడతలోకి జారిన వినికిడి యంత్రం సన్నగా ఈల వేస్తూనే ఉంది.